ఎడమవైపు రెండు సున్నాలు

పదకొండింటికి వీడియో వదులుతారట. ఇప్పుడు పదీ అయిదు. ఇంకా యాభై అయిదు నిమిషాలు, ఎలాగోలా ఇవి గడిస్తే చాలు, ఆ తరవాత ఏమైనా కానీ అనుకుంది ఎక్స్‌రే గదిలో ఆమె. అనుకున్న వెంటనే నాలుక కరుచుకుంది. ఏమైనా కానీ ఏమిటి నా మొహం, ఏమైనా అయితే ఊరుకుంటానా, అవ్వాల్సింది ఒక్కటే కదా, ఆ కొత్త గేమ్ పెట్టెతో వచ్చే, చేత్తో పట్టుకుని ఆడే కంట్రోలర్ వెనక రెండు బుల్లి రంధ్రాలుండాలి, బయటి నుంచి వైరు గుచ్చుకోవడానికి రెండంటే రెండు రంధ్రాలు, అవి ఉంటే తమ్ముడు ఆడతాడు, లేకపోతే ఆడడు, ఇంతే సంగతి. ఇంత చిన్న సంగతికి పొద్దుటి నుంచీ కాళ్లు నేల మీద ఆనడం లేదు. ఆ కాళ్లకి ఒకటి నల్ల చెప్పు, ఒకటి గోధుమరంగు చెప్పు వేసుకొచ్చిందని ఆయా చూసి, "ఏమ్మా, కొత్త ఫ్యాషనా?" అని అడిగితే గానీ తెలియలేదు. ఫోను బల్ల సొరుగులో ఉంది. పనివేళ ఈ గదిలో ఫోను ఎత్తకూడదని రూలు పెట్టింది ఇంకెవరో కాదు, తానే, పెట్టిన రూలుని తానే మింగలేక తానే కక్కలేక కూర్చుంది. అందుకే తమ్ముడితో ముందే అనుకున్నారు. కంపెనీవాళ్లు చూపించే వీడియో వాడు ఇంట్లో చూస్తాడు, రంధ్రాలు లేకపోతే ఒక్క రింగు ఇచ్చి పెట్టేస్తాడు, ఉంటే రెండు రింగులు. మాట్లాడక్కర్లేదు, ఎత్తక్కర్లేదు, రూలుకి రూలూ దక్కుతుంది.

తర్వాత పేషెంటు చీటీ చూసింది, మోకాలు, సరే రండమ్మా, ఇలా పడుకోండి, కదలకండి, ఆఁ అంతే. అద్దం వెనక్కొచ్చి మీట నొక్కింది. సగం నొక్కితే మిషన్ సిద్ధమవుతుంది, పూర్తిగా నొక్కితే బొమ్మ పడుతుంది, పంతొమ్మిదేళ్లుగా బొటనవేలికి తెలిసిన లెక్క. ఇలాంటి మీటే ఇంకొకటి ఇంట్లో తమ్ముడి చక్రాల కుర్చీకి ఎడమ చేతివైపు బిగించి ఉంది. పాత మిషన్ తీసేసిన రోజున దాని చేతి మీట తుక్కులోకి పోతుంటే డాక్టరమ్మని అడిగి తెచ్చుకుంది, ఎందుకే నీకది అని ఆవిడ అడిగితే మా తమ్ముడు పరిగెత్తడానికండీ అని చెప్పింది, ఆవిడ పట్టుకెళ్లమంది. నిజంగానే పరిగెత్తాడు. సెల్ రిపేరు బాబాయ్ పాత కంట్రోలర్ పొట్ట విప్పి, దాని నరాలకి ఈ మీట వైరు అతికిస్తే, సగం నొక్కితే ఆటలో మనిషి నడిచాడు, పూర్తిగా నొక్కితే పరుగు, ఆ మొదటి రోజు వాడు నొక్కిన నొక్కుడుకి ఆటలో మనిషి ఆగకుండా పరిగెత్తి పరిగెత్తి సముద్రంలో పడ్డాడు. మళ్లీ బతికాడు, మళ్లీ పరిగెత్తాడు, మళ్లీ పడ్డాడు. వీధిలోవాళ్లు వాడికి రాకెట్ అని పేరు పెట్టింది ఏడేళ్లప్పుడు, అప్పుడు వాడి కాళ్లు వాడి మాట వినేవి. కండరాలు ఒక్కొక్కటే పని మానుకుంటూ వచ్చాయి, మూడేళ్ల కిందట కుడిచెయ్యి పూర్తిగా మానేసింది, ఇప్పుడు ఎడమచేతి బొటనవేలూ దాని పక్క రెండు వేళ్లూ మిగిలాయి, అయినా రాకెట్ రాకెట్టే, ఇరవై నాలుగేళ్లొచ్చినా ఆ పేరు వాడు వదల్లేదు, మేమూ వదల్లేదు.

అబ్బ, గడియారం ముల్లుకి ఏమైనా జబ్బు చేసిందా ఏమిటి, పదీ పన్నెండేనా? ఆ పాత పెట్టెకైతే చేసింది. నిరుడు, అప్పటి వైరు పొడుగ్గా ఉండేది, కుర్చీ చక్రానికి చుట్టుకుని, వాడు మోటారు కుర్చీ వెనక్కి తిప్పగానే బల్ల మీది పెట్టె దభీమని కిందపడింది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఆ రోజు నుంచి దానికి ఇరవై నిమిషాలే ఆయుష్షు, ఇరవై నిమిషాలు ఆడగానే బొమ్మ కొయ్యబారిపోతుంది, ఆపి, చల్లార్చి, మళ్లీ మొదలెట్టాలి. ఈ మధ్య పది నిమిషాలకే. "అక్కా, ఇది పోతే ఇక ఆడను," అన్నాడు వాడు, ఏడుస్తూ అనలేదు, వాన వస్తుందేమో గొడుగు పట్టుకెళ్లు అన్నట్టు అన్నాడు, అందుకే గుండె కలుక్కుమంది. ఎందుకు ఆడవురా, కొత్తది కొనుక్కుందాం అంటే, కొత్త కంట్రోలర్ పొట్ట విప్పితే అది పనిచెయ్యడం మానేస్తుందట, ఇక బాబాయ్ మాత్రం ఏం చేస్తాడు, వైరు అతికించే దారే ఉండదు అన్నాడు. వాడికి అన్నీ తెలుసు. కంపెనీ చెప్పకముందే బయటికి పొక్కే లీకులన్నీ వాడి నాలుక చివర ఉంటాయి.

ఆ లీకుల పిచ్చి ఆమెకీ అంటించాడు. నలభైకి దగ్గరపడ్డ ఆడది, నలుగురూ చూస్తే నవ్వుతారు, కూర కలుపుతూ కూడా అదే చదువుతుంది, కొత్త పెట్టెలో చిప్పు పాతదానికి ఒకటిన్నర రెట్లు వేగమట, కాదు రెండు రెట్లట, ఫ్యాను ఉన్నట్టే తెలియదట, డిస్కు మింగే నోరు కావాలంటే తగిలించుకోవచ్చు వద్దంటే ఊడదీసి పక్కన పెట్టుకోవచ్చట, వేలెడు సన్నగా ఉంటుందట, ఇంకొకడు లేదు లావుగా ఉంటుందని ఒట్టు పెట్టి చెబుతాడు. ఫోనులో ఆ లీకుల గ్రూపులో రెండు వేల మంది, ఒక్కడూ ఆ పెట్టెని కళ్లతో చూడలేదు, కానీ దాని మీద ఒకరినొకరు చొక్కాలు పట్టుకుంటారు, పెళ్లికూతురిని చూడకుండానే మేనత్తలు ఆమె ముక్కు గురించి పోట్లాడుకున్నట్టు. వీళ్లందరికీ లీకులు మోసుకొచ్చేవాడు గుడ్లగూబ, అసలు పేరేమిటో ఎవరికీ తెలియదు, వాడు చెప్పినవి ముప్పాతిక వంతు నిజమవుతాయని రాకెట్ నమ్మకం. ఆ గుడ్లగూబే ఒకనాడు పిడుగులాంటి మాట చెప్పాడు, కొత్త కంట్రోలర్‌కి వైరు పెట్టే చోటే లేదు, అంతా గాల్లోనే, ఒక్క రంధ్రం కూడా ఉండదు. ఆ సాయంత్రం రాకెట్ ఏమీ మాట్లాడలేదు. అమ్మ వచ్చి అడిగితే తలనొప్పి అన్నాడు. ఆ మౌనం మూడు రోజులు నడిచింది, ఆ మూడు రోజులు ఇంట్లో గిన్నెలు కూడా చప్పుడు చెయ్యడానికి భయపడ్డాయి.

తరవాత ఆ బొమ్మ వచ్చింది. మూడు వారాలయింది సరిగ్గా. పార్సిలు విప్పకుండా లోపల ఏముందో చూసే యంత్రం ఉంటుంది కదా, ఎవరో పుణ్యాత్ముడు కొత్త కంట్రోలర్ నమూనాని దానిలోంచి పంపి ఫొటో తీశాడట, గుడ్లగూబ దాన్ని గ్రూపులో పెట్టాడు. నల్లటి బొమ్మ, మధ్యలో బ్యాటరీ తెల్లటి ఇటుక, చుట్టూ సన్నటి గీతలు, కుడి అంచున రెండు చుక్కలు, వాటి పక్కన మూలలో L అనే అక్షరం. గ్రూపంతా ఆ అక్షరం మీద పడ్డారు, లైట్ అంటే తక్కువ రకం అన్నమాట అని ఒకడు, లార్జ్ అని ఇంకొకడు, లీక్ చేసినవాడి పేరులో మొదటి అక్షరమని ఇంకొకడు. చుక్కల్ని ఎవరూ పట్టించుకోలేదు, స్క్రూలేలే అన్నారు. ఆమె చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. స్క్రూలా? స్క్రూ అయితే నిండుగా తెల్లగా పడుతుంది. ఇవి నిండుగా లేవు, మధ్యలో నల్లగా ఉంది, సున్నాలు, రెండు చక్కటి సున్నాలు, అంటే లోపల బోలు, అంటే రేకు గొట్టం, అంటే రంధ్రం, ఒరేయ్ రాకెట్! మాడు వాసన వచ్చేదాకా అలాగే నిలబడింది. సున్నాల సంగతి ఆమెకి తెలిసినంత ఆ రెండు వేల మందిలో ఎవరికి తెలుసు? పసిపిల్ల నాణెం మింగిందని తల్లి ఎత్తుకొచ్చిన రోజున, బొమ్మ చూడగానే గుండ్రం అంచు లోపల ఇంకో గుండ్రం కనిపించి, డాక్టరమ్మా ఇది నాణెం కాదు, గడియారంలో వేసే బిళ్ల బ్యాటరీ అని పరిగెత్తుకెళ్లి చెప్పింది తనే, గంట ఆలస్యమైతే ఆ పిల్ల గొంతు కాలిపోయేది. అంత చూపు ఉన్నదాన్ని, ఒక స్క్రూకీ రంధ్రానికీ తేడా తెలియదా?

అప్పుడు గ్రూపులో మొదటిసారి నోరు విప్పింది. అవి స్క్రూలు కావు, వైరు గుచ్చే సాకెట్లు, రెండున్నాయి, ఎడమవైపు అని రాసింది. రాసిందో లేదో నవ్వులే నవ్వులు. కుడివైపున కనిపిస్తుంటే ఎడమంటోంది, ఈవిడకి అన్నం తినే చెయ్యి ఏదో ముందు తేల్చుకోమనండి అని ఒకడు. ఒళ్లు మండిపోయింది. రాకెట్ కూడా బొమ్మని తిప్పి తిప్పి చూసి, "బొమ్మలో కుడివైపే ఉన్నాయి కదే?" అన్నాడు.

"బొమ్మలో నీ కుడిరా. దాని ఎడమ. మనిషి మనకి ఎదురుగా నిలబడితే అతని ఎడమచెయ్యి మనకి ఎటు ఉంటుంది? కుడివైపే కదా? ఎక్స్‌రే అంటే అంతే. అదిగో, పక్కన L వేశాడు చూడు, ఎడమ అని. మేమూ సీసపు అక్షరం అలాగే పెడతాం."

"నిజంగా ఉన్నాయంటావా అక్కా?"

"పంతొమ్మిదేళ్లుగా జనం లోపల ఏముందో చూస్తున్నది నేనా, వాళ్లా?"

వాడి మొహం! దీపం వెలిగినట్టు అనడం కూడా తక్కువే, వాడి చెవులు కూడా నవ్వాయి. ఆ మొహం కోసమే ఇప్పుడు అరచేతులు చెమటలు పడుతున్నాయి. ఎందుకంటే నమ్మేశాడు. ఆశ లేకపోతే లేనట్టే ఉండిపోయేవాడు, మూడు రోజులు మౌనంగా ఉండి నాలుగో రోజు అన్నం తిన్నాడు కూడా, తనే వెళ్లి ఆ ఆశని మళ్లీ లేపింది. ఆ ఆదివారమే కూర్చుని వైర్లు కోశారు. బుగ్గతో నొక్కడానికి ఇంకో మీట కూడా తయారుచేశారు, రేపు ఆ వేళ్లు కూడా మానేస్తే అప్పటికి పనికొస్తుందని వాడే అన్నాడు, మామూలుగానే అన్నాడు. మీట ఎడమవైపు, సాకెట్టు ఎడమవైపు, ఇక వైరు ఎంతుండాలి, జానెడు చాలు, పొడుగు వైరు చక్రంలో పడితే ఏమవుతుందో ఒకసారి చూశాం కదా. తన చేత్తోనే జాన పెట్టి కొలిచింది, కోసింది. కత్తెర పడ్డ చప్పుడుకి ఇద్దరూ చప్పట్లు కొట్టినంత సంబరపడ్డారు, వాడు ఉన్న మూడు వేళ్లతో తొడ మీద తట్టాడు. అమ్మ వంటింట్లోంచి వచ్చి, ఇంకా పెట్టె రానేలేదు, మీ ఇద్దరి హడావిడీ అని విసుక్కుంటూనే, తెగిన వైరు ముక్కలు పారెయ్యకుండా డబ్బాలో వేసి దాచింది.

పదీ ముప్పై ఎనిమిది. "రావచ్చా మేడమ్?" అంటూ తాపీమేస్త్రీ వచ్చాడు, రాయి పడి కుడిచెయ్యి వాచింది. రా నాయనా, ఇలా పెట్టు, వేళ్లు విప్పు, నొప్పా, కొంచెం ఓర్చుకో. వేళ్లు ఎంత మొరటుగా ఉన్నాయో, గోళ్లలో సున్నం, ఈ వేళ్లతో ఎన్ని గోడలు లేచాయో, మూడు వేళ్లుంటే చాలు మావాడికి, అదృష్టం అంటే ఏమిటో, వీడియో మొదట్లోనే కంట్రోలర్ చూపిస్తారా, చివర్లోనా, ముందు పెట్టె చూపించి ఊరిస్తారు, వెధవలు, చిప్పు గురించి పావుగంట చెబుతారు, చిప్పుతో మాకేం పని, వెనక్కి తిప్పండి, కంట్రోలర్‌ని ఒక్కసారి వెనక్కి తిప్పి చూపించండి చాలు, అనుకుంటూ సీసపు అక్షరం తీసి చెయ్యి పక్కన పెట్టింది, అద్దం వెనక్కి వెళ్లబోయింది.

"మేడమ్," అన్నాడు మేస్త్రీ, "నాకు చదువు రాదనుకోండి. కానీ ఆ అక్షరం మొన్న మావాడి ఎడమకాలు పక్కన పెట్టారు. నాది కుడిచెయ్యి కదా?"

చూసింది. L. కుడిచేతి పక్కన L. పంతొమ్మిదేళ్లలో మొదటిసారి. ఎడమకాలు విరిగినవాడికి కుడికాలు కోసిన కథలు చెప్పి చెప్పి కొత్తగా చేరినవాళ్లని బెదిరించేది తనే. తప్పయింది నాయనా, మంచిపని చేశావు చెప్పి అంటూ తీసేసి R పెట్టింది, బొమ్మ తీసింది, మేస్త్రీని పంపించేసింది, స్టూలు మీద కూలబడింది. అంటే ఈ బుద్ధి దేన్నైనా తప్పుగా చూడగలదు. అంటే ఆ సున్నాలు... డాక్టరమ్మ ఎప్పుడూ అంటుంది, నువ్వు ఏది వెతుకుతున్నావో అదే కనబడుతుంది, అందుకే రాసేముందు లేచి ఒకసారి నీళ్లు తాగి రా, మళ్లీ చూడు అని. తను నీళ్లు తాగిందా? గరిటె పట్టుకుని చూసింది. ఫోనులో, పొగలో, తమ్ముడి మీది ప్రేమతో చూసింది. చేతికి తగిలించుకునే తాడు కోసం పెట్టిన కన్నాలైతే? రబ్బరు కాళ్లకి పెట్టిన రేకు ఉంగరాలైతే? రెండు వేల మంది ఒకవైపు, తనొక్కతే ఒకవైపు, ఎప్పుడైనా రెండు వేల మంది కూడా రైటు అవుతారు కదా. ఒక్క రింగు ఇచ్చి పెట్టేస్తాడు వాడు. ఆ ఒక్క రింగు ఇవ్వడానికి వాడి బొటనవేలు ఎంతసేపు ఆగుతుంది. ఆ తరవాత సాయంత్రం తను ఇంటికి వెళ్లాలి, గుమ్మంలో చెప్పులు విప్పాలి, ఒకటి నల్లది, ఒకటి గోధుమరంగుది, వాడు చూసి జోకు వేస్తాడు. వేస్తాడు, అదే భయం. తనని ఓదారుస్తాడు వాడు.

లేదు. లేదు లేదు లేదు. లేచి నీళ్లు తాగింది. కళ్లు మూసుకుని బొమ్మని మళ్లీ తెచ్చుకుంది, ఇటుకలాంటి బ్యాటరీ, గీతలు, రెండు సున్నాలు. తాడు కన్నమైతే ప్లాస్టిక్కు, అంత తెల్లటి అంచు పడదు. రబ్బరు కాళ్లైతే నాలుగు ఉండాలి, నాలుగు మూలలా. ఇవి రెండే, పక్కపక్కన, ఒక్కో సున్నా వెనక నుంచి సన్నటి గీత బయల్దేరి బోర్డులోకి పోతోంది. ఆ గీత! ఉంగరానికి గీతెందుకు? తాడుకి గీతెందుకు? తీగ ఎక్కడికి పోతుందో అక్కడ కరెంటు ఉంది. ఉన్నాయి. ఉన్నాయిరా రాకెట్, నీ మీద ఒట్టు. గుండె మళ్లీ డమడమా కొట్టుకోవడం మొదలెట్టింది, ఈసారి భయంతో కాదు, తొందరతో. కొత్త పెట్టెకి ఇరవై నిమిషాల గండం ఉండదు, వాడు గంటలకొద్దీ పరిగెత్తుతాడు, ఆ మంచుకొండ ఆటలో ఇప్పటిదాకా సగం కొండే ఎక్కారు ఇద్దరూ, ప్రతిసారీ వంతెన దగ్గరికి వచ్చేసరికి పెట్టె కొయ్యబారుతుంది, వంతెన అవతల ఏముందో ఇద్దరికీ తెలియదు, ఇతరులు ఆడిన వీడియోల్లో చూడొచ్చు కానీ చూడకూడదని ఒట్టు పెట్టుకున్నారు. ఆ వంతెన దాటతారు. వాడు ముందు, తను వెనక, ఎప్పటిలాగే రా అక్కా రా, ముసలిదానివైపోయావు అని వాడు వెక్కిరిస్తుంటే.

పదకొండు. పదకొండూ రెండు. పదకొండూ అయిదు. ఇంత నిశ్శబ్దంగా సొరుగు ఎప్పుడూ లేదు. చివరి పేషెంటు పాటల మాస్టారు, దగ్గు తగ్గలేదని ఛాతీ తీయించుకోమన్నారు. పలకకి ఛాతీ ఆనించి నిలబెట్టి, గడ్డం పైకెత్తించి, భుజాలు ముందుకు తోసింది. అక్షరం పెట్టేముందు రెండుసార్లు చూసుకుంది. ఇది ఎడమ. అవును, ఇదే ఎడమ.

"గట్టిగా ఊపిరి పీల్చి ఆపాలి మాస్టారూ. నేను వదలమన్నాకే వదలాలి."

"నాకు పాట అలవాటమ్మా, నిమిషం ఆపమన్నా ఆపుతాను. మొహమాటపడకు."

అద్దం వెనక్కి వచ్చింది. పీల్చండి. ఆపండి. సగం నొక్కింది, పూర్తిగా నొక్కింది, బొమ్మ పడింది, సరిగ్గా అప్పుడు సొరుగులో మోగింది.

ఒకటి. ఆగిపోతుందా? ఆగలేదు. రెండు! రెండో రింగు, రెండు, రెండు, ఇక ఆగాలి, ఆపరా, చాలు, తెలిసింది. ఆగలేదు. మూడు. మూడుకి అర్థమేమిటి, మూడు అనుకోలేదే. నాలుగు. పడిపోయాడా కుర్చీలోంచి? అమ్మకేమైనా? రూలూ గీలూ గాలికి పోయాయి, సొరుగు లాగితే చేతి తొడుగులతో సహా ఊడి ఒళ్లో పడింది.

"ఏమైందిరా?"

అవతల వాడు నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు, వెనక అమ్మ ఏదో అరుస్తోంది, వీడియో మోగుతోంది. "అక్కా! ఉన్నాయే! రెండున్నాయి, సాకెట్లే, మీట పెట్టి చూపించారు కూడా!"

"మరి రెండు రింగులిచ్చి పెట్టెయ్యక ప్రాణం తీస్తావేరా!"

"రెండంటే ఉన్నాయని కదా. ఉన్నాయి గానీ కుడివైపున్నాయి. దానికెన్ని రింగులో మనం అనుకోలేదుగా!"

కుడివైపు. బొమ్మలో ఎటు కనిపించాయో అటే. ఎదురుగా నిలబడ్డ మనిషి ఎడమ మన కుడి, కానీ కంట్రోలర్ మనిషి కాదు, దానికి మొహం లేదు, ఎదురుగా ఎవరూ నిలబడలేదు, ఒడిలో పెట్టుకుంటే దాని కుడి మన కుడే, ఆ L ఎవడి పేరో ఏమో. రెండు వేల మందిలో ఏ పిచ్చివాడికైనా తెలిసే సంగతి, పంతొమ్మిదేళ్లు ఎక్స్‌రేలు తీసినదానికి తప్ప. నవ్వు తన్నుకొచ్చింది, కళ్లలోంచి నీళ్లు కూడా.

"కంట్రోలర్ మనకి ఎదురుగా నిలబడిందన్నావు, గుర్తుందా? దండం కూడా పెట్టిందా?" అంటున్నాడు వాడు. "జానెడు కోసిపెట్టావు ఎక్స్‌రే అక్కా. అటు నుంచి ఇటు రావాలంటే మూరెడు కావాలి. అమ్మ దాచిన ముక్కలు వెతుకుతోంది."

"అతుకుదాంలేరా. నేనొచ్చి అతుకుతాను. కుర్చీ కిందనుంచి కట్టేద్దాం, చక్రానికి తగలకుండా..."

"అమ్మా..." లోపల నుంచి సన్నటి గొంతు, పీక పిసికినట్టు. "వదలొచ్చా?"

"ఎవరే అది?" అన్నాడు రాకెట్.

"అయ్యో! మాస్టారూ! వదలండి, వదిలేయండి, అయిపోయింది ఎప్పుడో!" అద్దం అవతల మాస్టారు ఎర్రగా కందిపోయిన మొహంతో బుస్సున గాలి వదిలి, పలకని పట్టుకుని దగ్గుతూ, దగ్గుతూనే నవ్వుతున్నాడు.

ఫోనులో వాడు కూడా విన్నాడు. వాడి ఊపిరి వినిపించింది. తరవాత, చిన్నప్పుడు ఆమె వాడికి సూది వేయించేటప్పుడు చెప్పినంత మెల్లగా అన్నాడు.

"నువ్వు కూడా వదులు అక్కా."

వదిలింది. వదిలాక తెలిసింది, మూడు వారాలుగా పట్టుకునే ఉందని.